విడవలూరు మాస్టారి మూగబోయిన కంప్యూటరు

చూపులేనివాళ్లకు ఇళ్లలో కంప్యూటర్లు పెట్టించే ఒక సేవాసంస్థలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య ఆ సంస్థ ఒక జ్ఞాపకాల సంచిక వేసింది. పాతవాళ్లందరినీ అనుభవాలు రాసిమ్మని అడిగారు. వ్యాను డ్రైవరును అడిగారు. క్యాంపుల్లో సాంబారు చేసినాయన్ను అడిగారు, ఆయనది ఫొటోతో సహా వేశారు. నన్ను అడగలేదు. అడగకపోయినా రాసి పంపాను. వేయలేదు సరే, అందిందని ఒక మాటైనా చెప్పలేదు. ఫోన్ చేస్తే "సార్ మీటింగులో ఉన్నారు" అంటారు. ఎప్పుడు చేసినా మీటింగే. లోపల అంతసేపు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఒక్క నిర్ణయమైనా మాట్లాడుకుని తీసుకోగా నేను చూడలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ఎవరు ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారారో రాయను, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నెల్లూరు నుంచి సముద్రం దాకా తిరిగి నేను నేర్చుకున్నది, నాకు తెలిసి జరిగిన ఒక అన్యాయం, ఈ రెండూ రాస్తాను. చివరికి ఒక జవాబు అడుగుతాను. అది నా కోసం కాదు, విడవలూరులో ఉన్న రత్నం మాస్టారి కోసం.

ఇద్దరం చూడలేని పని

మేం ఇచ్చే కంప్యూటర్లలో లినక్స్ అనే సిస్టము ఉండేది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా దాంతోనే వస్తుంది. తెలుగు చదువుతుంది. మనిషి గొంతులా ఉండదు, రేకుడబ్బాలో మూతి పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. కొత్తలో అందరూ నవ్వుతారు. తర్వాత ఆ గొంతు లేకపోతే వాళ్లకు పొద్దుపోదు.

మామూలు ఇంట్లో కంప్యూటరు ఆగిపోతే ఇంటాయన ఫోన్‌లో చెబుతాడు, తెర నల్లగా ఉంది, ఎర్ర అక్షరాలు వచ్చాయి అని. మా దగ్గర అది కుదరదు. తెర మీద ఏముందో ఆయన చూడలేడు, దూరంగా ఉన్న నేనూ చూడలేను. ఫోన్‌లో ఇద్దరం గుడ్డివాళ్లమే. అందుకని మా పనిలో మొదటి పనిముట్టు స్క్రూడ్రైవరు కాదు, చెవి. ఆయన ఏం విన్నాడు, ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం ఆగింది, వేలు ఏ మీట మీద ఉండగా ఆగింది, ఇవన్నీ ఓపికగా అడగాలి. అడిగి, ఆయన చెప్పింది నమ్మాలి. నమ్మడమే కష్టం. చూపులేని మనిషి మాటకు మనవాళ్లు పెద్దగా విలువివ్వరు. పక్కన ఉన్న చిన్నపిల్లవాడిని పిలిచి "నువ్వు చూసి చెప్పు" అంటారు.

మాస్టారి ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది శబ్దం రావడం లేదంటేనే. ఆయన పేరు రత్నం. హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు. నీటికాసులనే కంటిజబ్బు వల్ల చూపు మెల్లమెల్లగా తగ్గి పూర్తిగా పోయింది. ఆయన భార్య సువార్తమ్మ. ఉద్యోగం చేసినన్నాళ్లూ సముద్రం ఒడ్డు జాలరి పాలేలన్నిటికీ ఆమే నర్సమ్మ. ఆ పక్క సగం మంది ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్లే.

నేను వెళ్లేసరికి బల్ల మీద మూడు జతల స్పీకర్లు ఉన్నాయి. వచ్చిన ప్రతివాడూ స్పీకరు పోయిందన్నాడట, ఆమె కొత్తది తెప్పించిందట.

"స్పీకర్ల అంగడి పెట్టుకోమంటావా నాయనా?" అంది సువార్తమ్మ.

వైరు దూర్చే రంధ్రంలో టార్చి వేసి చూశాను. లోపల పచ్చగా కిలుం పట్టి ఉంది. గుడ్డ చుట్టిన పుల్లతో శుభ్రం చేసి వైరు పెట్టగానే ఆ రేకుగొంతు గట్టిగా అరిచింది. మాస్టారు కుర్చీలో కదిలి కూర్చున్నారు.

"ఈ ఊర్లో ఉప్పుగాలి తలుపు గొళ్లేల్నే తినేస్తాది. నీ డబ్బా ఒక లెక్కా?" అంది ఆమె.

ఆ మాట మనసులో పెట్టుకుని ఆమె ఊరుకోలేదు. తన పాత తెల్లచీర ఒకటి చించి కంప్యూటరుకు చుట్టూరా తొడుగు కుట్టింది. గాలి దూరకుండా కుట్టింది. దాంతో మిషను కాగిపోయి, మాస్టారు రాస్తూ ఉండగానే ఆగిపోయేది. మళ్లీ వెళ్లాను. తొడుగు తీసి లోపల ముట్టుకుంటే చెయ్యి కాలింది. మన తీరం వాళ్లే చేయగల తప్పిది. వేరే చోట దుమ్ముకు భయపడి వాడనప్పుడు కప్పుతారు, ఇక్కడ ఉప్పుకు భయపడి వాడేటప్పుడు కూడా కప్పుతారు. విడవలూరు మొదలుకొని తీరం పొడుగునా ఎన్ని ఇళ్లలో దుప్పట్లు తీశానో. నేర్చుకోవలసింది ఏమిటంటే, పెట్టె విప్పకముందు రోగం పేరు చెప్పకండి, ఆ ఊరి గాలి ఎలాంటిదో తెలియకుండా పెట్టె విప్పకండి.

సూళ్లూరుపేట అక్క

నా ఉద్యోగం చివరి రోజుల్లో సూళ్లూరుపేట నుంచి రాజేశ్వరి అక్క ఫోన్ చేసింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు, పిల్లలకు సంగీతం చెబుతుంది. లినక్స్ కొత్త వెర్షన్ వచ్చిందని ఎవరో దాన్ని ఎక్కించి వెళ్లారు. అప్పటి నుంచి లోపలికి పోవడం లేదు.

"పాస్‌వర్డు మర్చిపోయినావంటాడన్నా మా ఇంటాయన. నేను రాగాలు మరవను, పాస్‌వర్డు మరుస్తానా?"

"నువ్వు మరిచిపోయినావని నేననలేదు గదక్కా."

"నువ్వూ అనబోతావేమోనని ముందే చెప్తుండా."

వెళ్లి కూర్చున్నాను. ఆమె వేళ్లు చూశాను, ప్రతిసారీ సరైన మీటలే నొక్కుతున్నాయి. అయినా తప్పంటోంది. తెర మీద చుక్కలే కనిపిస్తాయి కనుక ఏ అక్షరాలు పడుతున్నాయో నాకూ తెలియలేదు. పొద్దంతా తంటాలు పడ్డాక పైన మూలలో చిన్న గుర్తు కనబడింది. కీబోర్డు తెలుగులో ఉంది. కొత్త వెర్షను ఎక్కించినప్పుడు వరుస తారుమారై, తెలుగు ముందుకు వచ్చి ఇంగ్లీషు వెనక్కి పోయింది. ఆమె నొక్కేది ఇంగ్లీషు పాస్‌వర్డు, లోపల పడేది తెలుగు అక్షరాలు. దానికి తోడు, లోపలికి పోయే ఆ మొదటి తెర దగ్గర గొంతు కూడా ఆగిపోయింది. చూపున్నవాళ్లు మూలన గుర్తు చూసుకుంటారు, ఆమెకు ఏ ఆధారమూ లేదు. కీబోర్డు మార్చే రెండు మీటలు కలిపి నొక్కాను, ఆమె పాస్‌వర్డు కొట్టింది, లోపలికి పోయింది.

"ఇదిగో, ఆయన్ని పిలువన్నా. ఆయన ముందర ఇంకోసారి కొట్టి చూపిస్తా" అంది.

మీరు గుర్తుపెట్టుకోండి. తెలుగులో రాసుకునేవాళ్ల ఇంట్లో పాస్‌వర్డు తప్పని వస్తే మనిషిని అనుమానించకండి. ముందు ఆ మూల చూడండి.

మా ఇన్‌ఛార్జి గారు

ఆయన పేరు రాయను. చదివితే ఆయనకే తెలుస్తుంది. కష్టపడతాడు, కాదనను. పెద్దపెద్ద వాళ్లను ఒప్పించి కంప్యూటర్లు తెచ్చేవాడు, ఆయన లేకపోతే చాలా ఇళ్లకు మిషను వచ్చేదే కాదు. కానీ మిషను ఇచ్చేరోజు ఫొటో మీద ఉన్న శ్రద్ధ, ఆ మిషను ఆగినరోజు ఉండేది కాదు. వెంకటాచలంలో పెద్ద క్యాంపు పెట్టినప్పుడు అందరూ ఫొటోకు నిలబడుతుంటే నన్ను పక్కకు పిలిచి బ్యానరు జారకుండా పట్టుకోమన్నాడు. ఆ ఫొటోలో బ్యానరు చివర రెండు వేళ్లు కనిపిస్తాయి. అవి నావి. రిటైరైన రోజు నాకు శాలువా కప్పి మైకులో ఇంకొకరి పేరు చెప్పాడు. ఎవరూ సరిదిద్దలేదు.

ఇవన్నీ చిన్నవంటారు మా ఇంట్లో. చిన్నవే. నేను మరిచిపోను, అంతే.

కానీ ఇది చిన్నది కాదు. సూళ్లూరుపేట నుంచి రాగానే ఆయన గదిలోకి వెళ్లి చెప్పాను. కొత్త వెర్షను ఎక్కించిన ప్రతి మిషనులో కీబోర్డు వరుస చూసుకోవాలి, మొదటి తెర దగ్గర గొంతు వస్తుందో లేదో విని పంపాలి అన్నాను. అలాగే, మన మిషను డిస్కును బయటి షాపుల లాప్‌టాప్‌లకు తగిలించి చూడవద్దని కూడా చెప్పాను. వాళ్ల సిస్టముకు లినక్స్ డిస్కు చదవడం రాదు. చదవడం రాలేదని చెప్పదు, ఈ డిస్కు ఇంకా వాడకానికి సిద్ధం చేయలేదు, ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. తెలియనివాడు డిస్కు ఖాళీ అనుకుంటాడు. అది విదేశీ భాషలో పుస్తకం తెరిచి, నాకు అర్థం కాలేదు కనుక ఇందులో ఏమీ రాసిలేదన్నట్టు ఉంటుంది.

ఆయన ఫోన్ చూసుకుంటూ విన్నాడు.

"అయిపోయిందా? ప్రభాకర్, నువ్వు స్క్రూలు చూసుకోవయ్యా. పాలసీలు మేం చూసుకుంటాం."

కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. ప్రతి ఇంటికీ నకలు దాచుకోవడానికి విడిగా ఒక చిన్న డిస్కు ఇవ్వాలని అందులోనే అడిగాను. దానికీ జవాబు లేదు. డిస్కులు రాకపోతే పోనీ అని, ఏ ఇంటికి వెళ్లినా వాళ్లు రాసుకున్నదంతా నా పెన్‌డ్రైవులో ఒక నకలు తీసి పెట్టేవాణ్ని. నేను రిటైరయ్యాక ఆ పని చేసినవాళ్లు లేరు. పైగా పాత సిబ్బందిని ఎవరూ ఇంటికి పిలవకూడదని, ఏమున్నా ఆఫీసుకే ఫోన్ చేయాలని అందరికీ చెప్పారు. ఆ పాత సిబ్బంది ఎవరో నాకు తెలుసు. నేనొక్కణ్నే.

సువార్తమ్మ చరిత్ర

మాస్టారు ఆ కంప్యూటరులో ఏం రాసేవారో చెప్పాలి. వాళ్ల చర్చిలో ఎవరైనా చనిపోతే, సమాధి చేసే ముందు ఆ మనిషి జీవిత చరిత్ర రాసి అందరి ముందూ చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎలా బతికారు, ఎవరికి ఏం చేశారు అన్నది. చాలా ఊళ్లలో అది పుట్టినరోజుతో మొదలై పిల్లల పేర్లతో అయిపోతుంది. విడవలూరులో అలా కాదు. అక్కడ మాస్టారు రాసేవారు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి అడిగి అడిగి, వల అల్లడంలో పోయినాయన చెయ్యి ఎంత వేగం, పోయినామె ఏ పాట పాడుకునేది, ఎవరితో మాట్లాడటం మానేసింది, ఎందుకు మళ్లీ మాట్లాడింది, అన్నీ రాసేవారు. పొలం కూలీకైనా, పడవ మీద పోయేవాడికైనా ఒకటే శ్రద్ధ. చూపు పోయాక ఆ పని కూడా పోయిందనుకున్నారు. కంప్యూటరు వచ్చాక మళ్లీ మొదలుపెట్టారు. తెలుగు మీటలు వేళ్లతో నేర్చుకున్నారు. రాసింది రేకుగొంతుతో చదివించుకుని, నచ్చని మాట తీసి ఇంకో మాట పెట్టేవారు.

నేను రిటైరయ్యే కాలానికి సువార్తమ్మ మంచం పట్టింది. గుండె బలహీనపడి కాళ్లు వాచాయి, నాలుగు మాటలకు ఆయాసం. ఒకసారి చూసి వద్దామని వెళితే మంచం కంప్యూటరు పక్కకు జరిపి ఉంది. ఆమె చెబుతోంది, ఆయన కొడుతున్నారు.

"ఏం రాస్తున్నారు మాస్టారూ?"

"నా చరిత్ర" అంది ఆమే. "నేనే చెప్తుండాను. ఈయనకి వదిలేస్తే నన్ను దేవతను చేసి పెడతాడు. నేను ఎంతమందిని తిట్టినానో యాడ రాస్తాడు?"

"రాస్తాలేమ్మా, అందర్నీ రాస్తా" అన్నారు మాస్టారు.

"అత్తను గూడా?"

"నీ అత్త నాకు అమ్మ గదే."

"అందుకే నేను చెప్తుండేది. గమ్మున కొట్టు."

బతికుండగా తన చరిత్ర తానే చెప్పిన మనిషి ఆ చర్చిలో అంతకుముందు లేదు. పాస్టరు గారికి కూడా అది కొత్త. ఆమెకు చావు భయం ఉన్నట్టు నాకు కనిపించలేదు. తను చూసింది తన మాటల్లోనే అందరూ వినాలని, అంతే. పాలేల్లో తుపాను రోజుల్లో చేసిన కాన్పులు, చేతుల్లో పోయిన పిల్లలు, తనను గడప దాటి రానివ్వని ఇళ్లు, తర్వాత ఆ ఇళ్లవాళ్లే వచ్చి పిలుచుకుపోయిన సంగతి, ఇవన్నీ ఎవరికీ చెప్పలేదట. రోజుకు కాస్త, ఆయాసం ఎంత ఓర్చుకుంటే అంత చెప్పేది.

నేను అప్పటికి రిటైరయ్యాను, ఆ రోజు పెన్‌డ్రైవు వెంట తీసుకుపోలేదు. నా పెన్‌డ్రైవులో మాస్టారు రాసిన పాత చరిత్రలన్నీ ఉన్నాయి. ఇది లేదు.

ఖాళీ డిస్కు

తర్వాత సంస్థ వాళ్లు అందరి మిషన్లూ నెల్లూరు తెప్పించి, ఒకే క్యాంపులో కొత్త వెర్షను ఎక్కించి పంపేశారు. నేను చెప్పిన రెండూ ఎవరూ చూడలేదు. మాస్టారి మిషను ఆటోలో పోయి ఆటోలో తిరిగొచ్చింది. ఇంట్లో పెట్టి స్విచ్చి వేస్తే గొంతు లేదు. పాస్‌వర్డు కొట్టారు, ఏమీ వినిపించలేదు. మళ్లీ కొట్టారు. రోజంతా కొట్టారు. తన వేళ్లకే మతి పోయిందేమో అనుకున్నారట. ఆఫీసుకు ఫోన్ చేశారు, నన్ను పిలవకూడదన్నారు గనుక. కాంట్రాక్టు షాపు నుంచి ఒకతన్ని పంపారు.

ఆ తర్వాత జరిగింది నాకు మాస్టారూ చెప్పారు, మంచం మీద నుంచి చూసిన సువార్తమ్మా చెప్పింది. ఇద్దరూ ఒకేలా చెప్పారు.

వచ్చినతను పాస్‌వర్డు కొట్టి చూశాడు. తప్పంది. ఒక మాటకు మాత్రం అతన్ని మెచ్చుకోవాలి, అతను అడిగాడు.

"ఇందులో ముఖ్యమైనవి ఏమన్నా ఉండాయా మాస్టారూ?"

"ఉండాయి నాయనా. మా ఇంటామె చరిత్ర ఉండాది. అది మాత్రం పోగూడదు."

పెట్టె విప్పి, డిస్కు తీసి, తన లాప్‌టాప్‌కు తగిలించాడు. ఆ లాప్‌టాప్ నేను చెప్పిన ప్రశ్నే అడిగింది. అతను అది చదువుకుని అన్నాడట.

"మాస్టారూ, ఇందులో ఏం లేదు. డిస్కు ఖాళీగా ఉండాది."

"ఖాళీ ఎట్టా అవుద్ది? మొన్న గూడా రాసినానే."

"సిస్టమే చెప్తాంది గదా."

"ఆయన చెప్పేది ఇనవయ్యా" అంది సువార్తమ్మ. "మనిషి చెప్తుంటే ఇనకుండా డబ్బా చెప్పేది ఇంటావేంది?"

అతనికి ఎటూ పాలుపోక ఇన్‌ఛార్జి గారికి ఫోన్ చేశాడు. చేతులు ఖాళీ లేక స్పీకరులో పెట్టాడు. గదిలో అందరికీ వినిపించింది.

"ఖాళీ డిస్కుకు ఇంతసేపేంది? ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కించి వచ్చేయ్. ఆయనేమన్నా చూడబోతాడా?"

"చూడలేను గానీ వినపడతాది సార్" అన్నారు మాస్టారు.

ఫోన్ కట్టయింది. అతను సరేనని నొక్కాడు. కొత్తగా అన్నీ ఎక్కించి, ఇంగ్లీషు గొంతు ఒకటి పెట్టి పోయాడు. తెలుగు గొంతు పెట్టాలని అతనికి తెలియదు. ఆ ఇంగ్లీషు గొంతుకు తెలుగు మాట కనబడితే మాట పలకడం రాదు, "తెలుగు లెటర్, తెలుగు లెటర్" అంటూ పోతుంది. మాస్టారు ఒక వాక్యం కొట్టి చదివించుకుంటే అదే వినిపించింది.

అప్పుడు నాకు ఫోన్ చేశారు. పలకరింపు కూడా లేదు.

"ప్రభాకరా, డిస్కు ఖాళీ అయితే ఇన్నాళ్లూ నాకు చదివి వినిపించింది ఎవురయ్యా?"

దొరికినంత

ఇది మీరు జాగ్రత్తగా చదవండి. ఫార్మాట్ చేసినంత మాత్రాన రాసింది వెంటనే పోదు. ఎక్కడ ఏముందో చెప్పే దారి పోతుంది, సరుకు అక్కడే ఉంటుంది. కనుక పొరపాటు జరిగితే ఆ క్షణమే మిషను ఆపేయాలి, దాని మీద ఇంకేమీ రాయకూడదు. ఇక్కడ ఆ డిస్కు మీదే కొత్త సిస్టము మొత్తం ఎక్కించారు. పాతదాని మీద కొత్తది కూర్చుంది.

డిస్కు మా ఇంటికి తెచ్చాను. ముందు దానికి ఉన్నదున్నట్టు నకలు తీసి, ఆ నకలు మీదే వెతికే ప్రోగ్రాములు నడిపాను. అవి కూడా లినక్స్‌వే, ఉచితమైనవే. పేర్లు పోయిన ముక్కలు కుప్పలుగా వచ్చాయి. ప్రతి ముక్కా తెరిచి చదివాను. పనికిరానివే ఎక్కువ. చివరికి సువార్తమ్మ చరిత్ర మొదలు దొరికింది. ఆమె పుట్టుక, ఉప్పుమళ్లలో పనిచేసే నాన్న, ఆయనకు అన్నం మోసుకుపోయే చిన్నపిల్ల. అక్కడ ఒక వాక్యం సగంలో తెగిపోయింది. ఆ తర్వాత దొరకలేదు. నర్సుగా ఆమె బతికిన బతుకులో ఒక్క ముక్కా దొరకలేదు.

ఆ క్యాంపులో కొత్త వెర్షను ఎక్కించిన మిగతా ఇళ్లకు నేనే సొంతంగా తిరిగాను. అన్నిచోట్లా అదే, కీబోర్డు తెలుగులో నిలిచి ఉంది. రెండు మీటలు కలిపి నొక్కితే తెరుచుకున్నాయి. మాస్టారి మిషనుకు కూడా అంతే సరిపోయేది. ఈ సంగతి ఆయనకు చెప్పాను.

"రెండు మీటలా?" అన్నారు.

సువార్తమ్మ చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచింది. "ఇంకోసారి ఆ మాట ఆయనకాడ అనబాకయ్యా" అంది.

తెలుగు గొంతు మళ్లీ పెట్టాను. దొరికినంత చదివించాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఉప్పుమళ్ల దగ్గరికి వచ్చి గొంతు ఆగిపోతే ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుకు ఆయాసం వచ్చింది.

"అన్నం గిన్నెతో నన్ను గట్టు మీదనే నిలబెట్టేసినారే. రేపటి నించి చెప్తాలే, నాకేం పనుంది."

మాస్టారు మర్నాడు కుర్చీ జరుపుకుని కూర్చున్నారట. ఆమెకు మాట రాలేదు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి ఇంటికి వచ్చింది మాట్లాడే మనిషి కాదు.

సమాధి రోజు చర్చి నిండిపోయింది. తీరం పాలేల నుంచి ఆడవాళ్లు చంకల్లో పిల్లలతో వచ్చారు. తమ కాన్పుల సంగతి, తమ అమ్మల సంగతి ఆమె ఏం చెప్పి ఉంటుందోనని వచ్చారు. ఆమె తన చరిత్ర తానే చెప్పుకుందని అందరికీ తెలుసు. పాస్టరు గారు చదవడం మొదలుపెట్టారు. అన్నం గిన్నె ఎత్తుకున్న చిన్నపిల్ల ఉప్పుమళ్ల గట్టు మీదికి వచ్చింది. పాస్టరు గారు ఆగి కాగితం తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. అందరూ ఎదురుచూస్తున్నారు.

ముందు వరుసలోంచి మాస్టారు అన్నారు, "అంతే నాయనా. అంతవరకే ఉండాది."

మిగిలింది మీరు చెప్పండి మాస్టారూ అని తర్వాత చాలామంది అడిగారు. ఆయన చెప్పలేదు. "నేను చెప్తే అది నాకు తెలిసిన సువార్త అవుద్ది. ఆమె చెప్పింది వేరే" అన్నారు. అప్పటి నుంచి ఆయన ఎవరి చరిత్రా రాయలేదు. ఎవరు పోయినా చర్చిలో ఇప్పుడు పుట్టినరోజు, పిల్లల పేర్లు చదువుతున్నారు. కంప్యూటరు బాగానే పనిచేస్తోంది. నేను వెళ్లినప్పుడల్లా చూసి, దుమ్ము దులిపి వస్తాను. ఆయన దాన్ని తాకరు.

నాకు కావలసిన జవాబు

పిల్లలూ, మీకు నేను చెప్పవలసింది అయిపోయింది. మనిషి ఒకటి చెప్పి, మిషను ఇంకొకటి చెబితే, మిషను తప్పు చెబుతుందేమో అని ముందు చూడండి. ఎదుటి మనిషికి కళ్లు లేకపోతే మరీ చూడండి.

మిగిలింది మా ఇన్‌ఛార్జి గారితో.

అయ్యా, నేను మీకు రాశాను, ఫోన్ చేశాను, మీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ఒకే ఒక్కసారి ఎవరి చేతనో చెప్పించారు, మాస్టారు ఒప్పుకున్నాకే ఫార్మాట్ చేశామని. ఆయన ఒప్పుకోలేదు. ఉండాదన్నారు, పోగూడదన్నారు. ఆయన మీ దగ్గర కొత్త మిషను అడగడం లేదు. మీ మీద ఫిర్యాదు కూడా ఆయన చేయలేదు, చేసింది నేను. ఆయన అడిగేది ఒక్కటే, తాను చెబుతుంటే ఎందుకు వినలేదు అని.

దీనికి ఉత్తరం పంపకండి, ఆయన చదవలేరు. ఆ మిషనుతో చదివించుకోరు. మనిషిని పంపకండి, పోయినసారి పంపిన మనిషి చాలు. మీరే రండి. నెల్లూరు నుంచి విడవలూరు ఎంత దూరమని. ఆయన వరండాలోనే ఉంటారు. మీ పేరు చెప్పనక్కర్లేదు, మీ గొంతు ఆయనకు గుర్తుంది. ఎదురుగా కూర్చుని జవాబు చెప్పండి.

ఎప్పుడు వస్తున్నారు?